నాడి ఆడని వేళ రక్తమును చదివే కాంతి

కోవిడ్ వ్యాధి ప్రబలిన 2020, 2021 సంవత్సరములలో వరంగల్లు సుబేదారి వంటి పేటలలోను, పల్లెలలోను ఆక్సీమీటరు అనే చిన్న పనిముట్టు ఇంటింటా పరిచయమైనది. రక్తములోని హిమోగ్లోబిన్‌లో ఎంత శాతము ప్రాణవాయువుతో, అనగా ఆక్సిజన్‌తో, కూడియున్నదో అది వేలినుండి చెప్పుతుంది. కాని గుండెను ఆపి శస్త్రచికిత్స చేసేటప్పుడు, ఆ లెక్క మరింత అవసరమైన సమయములోనే, అది మూగపోతుంది. కారణమేమి?

ప్రాణవాయువుతో కూడిన రక్తము కాంతివంతమైన ఎరుపు. దానిని విడిచిన రక్తము నలుపు కలసిన ఎరుపు. 660 నానోమీటర్ల ఎర్రని కాంతిని ప్రాణవాయువు లేని హిమోగ్లోబిన్ ఎక్కువగా పీల్చుకొంటుంది. 940 నానోమీటర్ల పరారుణ కాంతి విషయములో ఇందుకు విపర్యయము. ఈ రెండు కాంతులు ఎంతెంత తగ్గినవో పోల్చితే శాతము తెలుస్తుంది. సుబేదారి కళాశాలలో విద్యార్థి కలరీమీటరుతో రంగుద్రవము గాఢతను కనుగొనుటకు ఆధారమైన బీర్–లాంబర్ట్ నియమమే దీనికిని మూలము.

అయితే వేలిలో చర్మము, ఎముక, సిరలలోని రక్తము కూడ కాంతిని పీల్చుకొంటాయి. వీటినుండి ధమని రక్తమును వేరుచేసే ఉపాయమును జపాను ఇంజనీరు తకువో అయోగి 1974లో ప్రకటించాడు. గుండె కొట్టుకొన్నప్పుడెల్లా ధమనిలో రక్తము పొంగుతుంది. కాంతిలో ఆ పొంగుతోపాటు మారే భాగమునే లెక్కించవలెను. అనగా ఆక్సీమీటరుకు నాడి ఆడుట ముఖ్యము.

1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ అనే వైద్యుడు గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రమునకు అప్పగించి, 18 ఏండ్ల యువతి గుండెలోని రంధ్రమును మూసివేశాడు. ఇట్టి యంత్రము సాధారణముగా రక్తమును ఒకే ధారగా నడుపుతుంది. పొంగు లేదు, కనుక వేలి పనిముట్టుకు ఆధారము లేదు. మెదడు ప్రాణవాయువు లేక కొద్ది నిమిషములే తాళగలదు. రక్తమును తీసి ప్రయోగశాలకు పంపి, ఫలితమునకై వేచియుండుట ప్రతిసారి సాధ్యము కాదు.

అందుచేత కాంతిని వేలికి కాక, యంత్రపు గొట్టమునకే చూపుతారు. గొట్టములోని పారదర్శకమైన భాగముగుండా కాంతిని పంపి, రక్తమునుండి తిరిగివచ్చిన దానిని కొలుస్తారు. నడుమ చర్మము, ఎముక లేవు. నాడితో పని లేదు. సుమారు 805 నానోమీటర్ల కాంతిని రెండు రకముల హిమోగ్లోబిన్ సమానముగా పీల్చుకొంటుంది కాబట్టి, అది పోలికకు ఉపయోగిస్తుంది.

కొలత రెండుచోట్ల జరుగుతుంది. కృత్రిమ ఊపిరితిత్తిని దాటివచ్చిన రక్తములో శాతము నూటికి దగ్గరగా ఉండవలెను. అది తగ్గితే ఆ ఊపిరితిత్తిలోనో, వాయువు సరఫరాలోనో లోపమున్నదన్నమాట. శరీరమునుండి తిరిగివచ్చే రక్తములో సుమారు 70 శాతము మిగిలియుండవలెను. మొదటిది సరిగానే ఉండి రెండవది పడిపోతే, శరీరమునకు చేరే ప్రాణవాయువు దాని అవసరమునకు చాలడము లేదని అర్థము. అప్పుడు యంత్రమును నడిపేవారు రక్తప్రవాహమును పెంచుతారు, లేదా హిమోగ్లోబిన్ తగ్గినదేమో చూస్తారు.

ఈ పద్ధతికి ఒక హద్దు కలదు. శాతము నూటికి చేరిన తరువాత ప్రాణవాయువు ఇంకెంత ఎక్కువైనదో రంగు చెప్పలేదు. అందుకు ప్రతిదీప్తినిచ్చే రంగుపదార్థమును వాడుతారు. ప్రాణవాయువు పెరిగినకొలది దాని వెలుగు మందగిస్తుంది. ఈ పరికరముల కొలతలను నడుమనడుమ ప్రయోగశాల పరీక్షతో సరిచూచుకొనుట నేటికిని తప్పదు. కాంతి చెప్పేది క్షణక్షణపు మార్పును. ఆ లెక్కను స్థిరపరచేది పరీక్ష.