ఒళ్ళు నొప్పులకు గోధుమ కారణమా?

మోకాళ్ళ నొప్పి, నడుం నొప్పి, పొద్దున లేవగానే నీరసం, తిన్న తర్వాత కడుపుబ్బరం, చేతులకు తిమ్మిర్లు. ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదంటారు. మాత్రలు వాడినన్నాళ్ళు తగ్గి, ఆపగానే మళ్ళీ మొదలు. ఏళ్ళ తరబడి ఇలా బాధపడేవారు ముప్కాల్‌లోనే కాదు, బాల్కొండ, ఆర్మూర్, బోధన్ ఎక్కడికి వెళ్ళినా కనిపిస్తారు. ఈ మధ్య వీరిలో కొందరి నోట కొత్త మాట వినిపిస్తోంది: "నాకు గోధుమ పడటం లేదేమో!" గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లో పంపిన వీడియో చూసి రొట్టె మానేసిన తల్లులున్నారు. గ్లూటెన్ లేని పిండి ప్యాకెట్లకు సాయం దొరుకుతుందా అని అడిగేవారూ ఉన్నారు. అడిగినవారిని తప్పుపట్టలేం. కానీ ఇచ్చే చేతికి విషయం తెలిసి ఉండాలి.

గ్లూటెన్ అనేది గోధుమలోనూ, బార్లీలోనూ ఉండే మాంసకృత్తు. రుమాలీ రోటీ చేసేవాడు పిండిని గాలిలో తిప్పుతుంటే అది చిరగకుండా సాగుతుందే, ఆ సాగే గుణం దీనిదే. జొన్నపిండిలో ఇది లేదు కాబట్టే జొన్నరొట్టెను చేత్తో తట్టి చేయాలి.

చాలామందికి గ్లూటెన్ వల్ల ఏ ఇబ్బందీ లేదు. కొద్దిమందిలో మాత్రం శరీర రక్షణ వ్యవస్థ దాన్ని చూసి పొరపడి, తన పేగునే దెబ్బతీస్తుంది. దీని పేరు సీలియాక్ వ్యాధి. చిన్నపేగు లోపలి గోడ మఖ్మల్ బట్టలా సన్నని నూగుతో ఉంటుంది. మనం తిన్నదాంట్లోని సారాన్ని పీల్చుకునేది ఆ నూగే. అది అరిగిపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఇనుము అందక రక్తహీనత, కాల్షియం, విటమిన్ డి అందక ఎముకల నొప్పి, బలహీనత వస్తాయి. కొందరికి నరాల తిమ్మిర్లు, నోటిపూత, పదేపదే గర్భస్రావం, పిల్లలైతే ఎదుగుదల ఆగిపోవడం. విరేచనాలు లేకుండానే ఇవన్నీ రావచ్చు. అందుకే నొప్పికీ రొట్టెకూ సంబంధం ఉందా అన్న ప్రశ్న వెర్రి ప్రశ్న కాదు.

ఈ సంబంధాన్ని కనిపెట్టిన కథ కూడా ఆకలి కథే. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో తిండికి కరువొచ్చింది. రొట్టె దొరకని ఆ రోజుల్లో మిగతా జనం చిక్కిపోతుంటే, ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడం విల్లెం డికె అనే పిల్లల వైద్యుడు చూశాడు. గోధుమ మీద ఆయనకు అంతకు ముందే అనుమానం ఉంది. రొట్టె తిరిగి దొరకగానే పిల్లలు మళ్ళీ జబ్బుపడ్డారు. 1950లో ఆయన తన పరిశోధనను సిద్ధాంత గ్రంథంగా సమర్పించాడు.

ఇక మన దేశం సంగతి. ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించిన అధ్యయనం 2016లో వెలువడింది. ఉత్తరాదిలో వెయ్యిమందిలో సుమారు 12 మంది రక్తంలో ఈ వ్యాధిని సూచించే యాంటీబాడీలు కనిపిస్తే, దక్షిణాదిలో వెయ్యికి ఒక్కరిలోనే కనిపించాయి. వ్యాధికి వీలు కల్పించే జన్యువులు మాత్రం అన్నిచోట్లా దాదాపు మూడోవంతు మందిలో ఉన్నాయి. తేడా కంచంలో ఉంది: అక్కడ రోజుకు తినే గోధుమ సగటున 455 గ్రాములు, ఇక్కడ 25. అంటే మన ప్రాంతంలో ఇది అరుదే, కానీ లేదని కొట్టిపారేయలేం. రెండు పూటలా రొట్టె, పరాఠా తినే ఇళ్ళలోనూ, ఏళ్ళ తరబడి గల్ఫ్‌లో ఖుబూస్ మీద బతికి వచ్చినవారిలోనూ ఆ 25 గ్రాముల లెక్క సరిపోదు కదా.

అయితే మన దగ్గర నొప్పులకు గోధుమ కంటే ముందు వరుసలో నిలబడే కారణాలు చాలా ఉన్నాయి. ఈ జిల్లాలో బీడీలు చుట్టని వీధి అరుదు. ఒళ్ళో చాట పెట్టుకొని, మెడ వంచి, రోజుకు వెయ్యి బీడీల లెక్క పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చునే ఆడవాళ్ళకు మెడ, నడుం, వేళ్ళు నొప్పి పెట్టడానికి రొట్టె అక్కర్లేదు. పొద్దంతా గడప దాటకపోతే ఒంటికి ఎండ తగలక విటమిన్ డి తగ్గుతుంది. పైగా రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం, షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం, చికున్‌గున్యా వచ్చి వెళ్ళాక నెలల తరబడి మిగిలే కీళ్ళ నొప్పి. మామూలు రక్తపరీక్షలతో వీటిలో చాలావరకు బయటపడతాయి. ముందు చేయించాల్సినవి అవే.

అవన్నీ చూశాక కూడా నొప్పి అంతుపట్టకపోతే, లేదా నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగినా రక్తం పెరగకపోతే, అప్పుడు సీలియాక్ పరీక్ష అడగాలి. టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష అది. అనుమానం బలపడితే ఎండోస్కోపీ చేసి పేగు నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. అందరూ పొరపాటు పడేది ఇక్కడే: పరీక్షకు ముందు గోధుమ మానేయకూడదు. మానేస్తే పేగు నెమ్మదిగా కోలుకుంటుంది, పరీక్ష "ఏమీ లేదు" అంటుంది, జబ్బు దాక్కుంటుంది. ముందే మానేసినవారు డాక్టరును అడిగి, కనీసం ఆరు వారాలు రోజూ గోధుమ తిని ఆ తర్వాతే పరీక్షకు వెళ్ళాలి. వీడియోలు చెప్పని మాట ఇది.

పరీక్షలో ఏమీ లేకపోయినా రొట్టె మానితే హాయిగా ఉందనేవారు ఉంటారు. వారు అబద్ధం చెప్పడం లేదు. గోధుమలో గ్లూటెన్‌తో పాటు ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం ఉంటుంది. ఇలాంటి 59 మందితో నార్వేలో చేసిన పరిశోధన 2018లో వచ్చింది. వారిలో గ్లూటెన్ కంటే ఫ్రక్టానే ఎక్కువ బాధ పెట్టిందని తేలింది. అది ఉల్లిగడ్డలో, ఎల్లిగడ్డలో కూడా ఉంటుంది. చపాతీ మానేసి కుర్మా లాగిస్తే కడుపుబ్బరం ఎక్కడికి పోతుంది?

సీలియాక్ అని తేలితే మాత్రం గోధుమ, బార్లీ జీవితాంతం మానాలి. "కొంచెం పర్వాలేదు" అనేది చెల్లదు. మైదా, రవ్వ, సేమ్యా, బిస్కెట్లు, సమోసా అన్నీ ఇందులోకే వస్తాయి. డబ్బా ఇంగువలో కూడా తరచుగా గోధుమపిండి కలుపుతారు. రంజాన్‌లో మరీ జాగ్రత్త: హలీమ్‌లో మాంసంతో కలిసి ఉడికేది గోధుమే, పండుగనాటి షీర్ ఖుర్మాలో సేమ్యా ఉంటుంది. ఇఫ్తార్‌కు ఖర్జూరం, పండ్లు, సహరీకి ఖిచిడీ, విందుకు బిర్యానీ నిశ్చింతగా తినవచ్చు. ఇంట్లో రొట్టెల పెనం వేరుగా ఉంచాలి.

ఇందుకు ఖరీదైన ప్యాకెట్లు అక్కర్లేదు. రేషన్ బియ్యం, జొన్నలు, మక్కలు, సజ్జలు, రాగులు దేనిలోనూ గ్లూటెన్ లేదు. ఆర్మూర్, బాల్కొండ ప్రాంతంలో పండే ఎర్రజొన్న పశుగ్రాసం విత్తనంగా ఉత్తరాదికి పోతుంది, అక్కడి గోధుమ మన ఇంటికి వస్తుంది! జొన్నలు ఊళ్ళో గిర్నీలో పట్టించుకుంటే చాలు. అయితే గోధుమ పట్టిన వెంటనే అదే గిర్నీలో పోయకుండా చూసుకోవాలి.

కాబట్టి ప్యాకెట్ల కోసం సాయం అడిగినవారికి ముందుగా పరీక్షల ఖర్చు ఇవ్వడం మేలని మా అభిప్రాయం. వ్యాధి ఉన్నవారి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలలో సుమారు పదిమందికి ఒకరికి అదే వ్యాధి ఉండే అవకాశం ఉంది. అందువల్ల ఒకరికి నిర్ధారణ అయిన ఇంటి నుంచి దరఖాస్తు వచ్చినప్పుడు, మిగతావారి రక్తపరీక్షను కూడా అందులోనే కలిపి రాయించాలి.