గల్ఫ్‌లో మన లైసెన్సు చెల్లదు! డ్రైవర్ వీసాకు ముందే అన్నీ విచారించుకోవాలి

పదేళ్లు లారీ నడిపిన చేయి. గుంతల రోడ్లయినా, ఘాట్ రోడ్లయినా లెక్కలేదు. ఎడారిలో తిన్నని రోడ్డు మీద కారు నడపడం ఎంత పని అనుకుంటూ జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల పల్లెల నుంచి యువకులు డ్రైవర్ వీసాలపై గల్ఫ్ విమానం ఎక్కుతున్నారు. జేబులో మన రవాణా శాఖ ఇచ్చిన లైసెన్సు ఉంటుంది. అక్కడ దిగిన తర్వాత గానీ ఆ కార్డుతో పని జరగదన్న సంగతి చాలామందికి తెలియడం లేదు.

డ్రైవర్ వీసాకు దరఖాస్తు చేసేటప్పుడు ఇక్కడి లైసెన్సు అడుగుతారు. దానివల్లే అది అక్కడా చెల్లుతుందన్న భ్రమ కలుగుతోంది. కొన్ని దేశాల లైసెన్సులను ఎమిరేట్స్ ప్రభుత్వం నేరుగా మార్చి ఇస్తుంది. ఆ జాబితాలో మన దేశం లేదు. దుబాయి, అబుదాబిలలో ఉద్యోగానికి వెళ్లినవారు అక్కడి పరీక్షలు నెగ్గి అక్కడి లైసెన్సు తీసుకోవాల్సిందే. సౌదీ, కువైట్‌లలో డ్రైవర్ పనికి కూడా అక్కడి లైసెన్సు ఉండాలి.

అంతర్జాతీయ పర్మిట్ ఎందుకు?

"వెయ్యి రూపాయలు కడితే అంతర్జాతీయ పర్మిట్ వస్తుంది, దాంతో ఎక్కడైనా నడపవచ్చు" అని కొందరు సబ్ ఏజెంట్లు నమ్మిస్తున్నారు. ఇందులో సగమే నిజం. మన ఆర్టీవో కార్యాలయంలో 4ఎ ఫారం నింపి, పాస్‌పోర్టు, వీసా చూపి, వెయ్యి రూపాయల రుసుము కడితే ఈ పర్మిట్ ఇస్తారు. ఏడాదికి మించి చెల్లదు. 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం పుట్టిన ఈ కాగితం చుట్టపుచూపుగా, పర్యటనకు వెళ్లేవారి కోసం. కొడుకు దగ్గరకు విజిట్ వీసాపై వెళ్లిన తండ్రి దుబాయిలో కారు నడుపుకోవడానికి అది పనికొస్తుంది. అదే కొడుకు నివాస వీసా తీసుకొని బతాకా చేతికి వచ్చిన తర్వాత ఆ పర్మిట్‌తో బండి తీస్తే నేరమవుతుంది. విజిట్ వీసాపై వెళ్లి డ్రైవర్‌గా జీతానికి కుదరడం వేరే నేరం.

ఎమిరేట్స్‌లో కొత్త ట్రాఫిక్ చట్టం 2025 మార్చి 29 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడ గుర్తింపు లేని విదేశీ లైసెన్సుతో మొదటిసారి పట్టుబడితే 2,000 నుంచి 10,000 దిర్హమ్‌ల వరకు జరిమానా వేస్తారు. మళ్లీ పట్టుబడితే జైలు శిక్ష కూడా పడవచ్చు. దిర్హమ్ విలువ ఇరవై రూపాయల పైమాటే. చిన్న జరిమానా అయినా నెల జీతం మింగేస్తుంది.

చేయి తిరిగినవారికీ తడబాటే

దుబాయిలో లైసెన్సు కావాలంటే ముందు కంటి పరీక్ష చేయించుకోవాలి. ఆ తర్వాత డ్రైవింగ్ స్కూలులో పేరు నమోదు చేసుకోవాలి. బొత్తిగా అనుభవం లేనివారికి 20 గంటల శిక్షణ ఉంటుంది. మన దేశంలో ఐదేళ్లకు పైబడి లైసెన్సు ఉన్నవారికి అది 10 గంటలకు తగ్గుతుంది. అందువల్ల పాత లైసెన్సును పారేయకుండా వెంట తీసుకెళ్లడం మేలు. ట్రాఫిక్ గుర్తులపై పరీక్షను హిందీ, ఉర్దూ భాషల్లో కూడా పెడతారు. అది నెగ్గాక పార్కింగ్ పరీక్ష, చివరకు రోడ్డు పరీక్ష ఉంటాయి. తప్పిన ప్రతిసారీ మళ్లీ తరగతులు, మళ్లీ ఫీజులు. అంతా కలిపి వేల దిర్హమ్‌లు అవుతుంది.

ఎక్కువమందిని తిప్పలు పెట్టేది పాత అలవాటే. మనం రోడ్డుకు ఎడమ పక్కన వెళతాం, స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. గల్ఫ్ దేశాల్లో కుడి పక్కన వెళ్లాలి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. గేరు మార్చాలంటే కుడి చేయి వాడాలి. చౌరస్తాలోని గుండ్రని దిమ్మెను మనం ఎడమ నుంచి చుట్టి వస్తే అక్కడ కుడి నుంచి చుట్టి రావాలి. అప్పటికే దిమ్మె చుట్టూ తిరుగుతూ ఎడమ నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. పగలు గుర్తుండే ఈ సంగతులు తెల్లవారుజామున నిద్రమత్తులో మరిచిపోతే ఎదురుగా వచ్చే బండి వంద కిలోమీటర్లకు పైగా వేగంతో ఉంటుంది.

హారన్ కొట్టి సందులో దూరడం అక్కడ కుదరదు. కెమెరాలు రాత్రింబవళ్లు చూస్తుంటాయి. ఎమిరేట్స్‌లో ఎర్ర లైటు దాటితే 1,000 దిర్హమ్‌ల జరిమానా, 12 నల్ల పాయింట్లు, బండి 30 రోజులు జప్తు. ఫోన్‌లో మాట్లాడుతూ నడిపితే 800 దిర్హమ్‌లు, 4 పాయింట్లు. పాయింట్లు 24కు చేరితే లైసెన్సు నిలిపివేస్తారు. సౌదీలో ఎర్ర లైటు దాటితే 3,000 నుంచి 6,000 రియాళ్లు. కువైట్‌లో 2025 ఏప్రిల్ 22 నుంచి ఇదే తప్పుకు 150 దినార్లు. ఈ 'ముఖాలఫా' సొమ్మును యజమానులు జీతంలోంచి పట్టుకుంటున్నారని వెళ్లివచ్చినవారు చెబుతున్నారు.

కఫీల్ మాట నమ్మితే...

అసలు ప్రమాదం లైసెన్సు చేతికి రాకముందు పొంచి ఉంది. పిల్లలను బడికి దింపాలి, బజారుకు వెళ్లాలి. "ఏం ఫర్వాలేదు, నేనున్నాను, బండి తియ్యి" అంటాడు కఫీల్. కాదంటే తిరిగి పంపిస్తాడేమోనని భయం. ఊళ్లో అప్పు గుర్తుకొస్తుంది. బండి తీస్తారు.

ఆ సమయంలో ఎవరికైనా తగిలితే అన్ని లెక్కలూ తారుమారవుతాయి. ప్రమాదంలో మనిషి చనిపోతే మృతుడి కుటుంబానికి 'దియా' చెల్లించాలి. ఎమిరేట్స్‌లో ఇది 2 లక్షల దిర్హమ్‌లు. సౌదీలో 2011లో దీన్ని 3 లక్షల రియాళ్లకు పెంచారు. లైసెన్సు ఉండి బండికి బీమా ఉంటే ఈ భారాన్ని బీమా కంపెనీ మోస్తుంది. లైసెన్సు లేనివాడు నడిపాడని తేలితే బాధితులకు చెల్లించిన సొమ్మును అతని నుంచే తిరిగి రాబట్టుకునే హక్కు కంపెనీకి ఉంది. బండి తియ్యమన్న కఫీల్ మాటకు సాక్ష్యం ఉండదు. కేసు తేలేవరకు దేశం దాటనివ్వరు. ఇంటి దగ్గర ఉన్న ఎకరం అమ్మినా తీరని అప్పు అది.

కువైట్‌లో మరో చిక్కు ఉంది. విదేశీయులకు లైసెన్సు కావాలంటే డిగ్రీ, 600 దినార్ల జీతం, రెండేళ్ల నివాసం ఉండాలని అక్కడి ప్రభుత్వం 2014లో నిబంధన పెట్టింది. డ్రైవర్ వీసాపై వెళ్లినవారికి మినహాయింపు ఉన్నా, ఆ లైసెన్సు ఆ ఉద్యోగానికే కట్టుబడి ఉంటుంది. పని మారితే లైసెన్సు పోతుంది. 'ముందు కూలి వీసాపై వెళ్దాం, తర్వాత డ్రైవింగ్‌లోకి మారదాం' అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

బయలుదేరే ముందే...

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. వీసాలో, ఒప్పందంలో డ్రైవర్ అని ఉందో, కూలి అని ఉందో చదివించుకోవాలి. లైసెన్సు ఖర్చు ఎవరు భరిస్తారు, లైసెన్సు వచ్చేవరకు జీతం ఇస్తారా అన్నవి ఒప్పందంలో రాయించుకోవాలి. నోటిమాట చాలదు. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడవచ్చు. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే అనుమానించాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి 10 లక్షల రూపాయల బీమా ఉంది. రెండేళ్లకు ప్రీమియం పన్ను కాక 275 రూపాయలే.

ఇక్కడి లైసెన్సు గడువు కూడా చూసుకోవాలి. గడువు ముగిసే ముందు ఏడాదిలో ఎప్పుడైనా రెన్యువల్ చేయించుకోవచ్చు. ముగిసిన తర్వాత ఏడాది దాటితే మళ్లీ పరీక్షకు హాజరు కావాలి. రెండు మూడేళ్లకు గానీ ఇంటిముఖం చూడనివారు దీన్ని మరిస్తే తిరిగి వచ్చాక ఇక్కడా బండి తీయలేరు.

ఆపదలో పడినవారు దుబాయి, రియాద్, జెడ్డాలలో ఉన్న ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాలను ఆశ్రయించవచ్చు. ఇంటివారు 'మదద్' ద్వారా విదేశాంగ శాఖకు మొర పెట్టుకోవచ్చు. అక్కడి లైసెన్సు చేతికి వచ్చేవరకు ఎవరు చెప్పినా తాళం ముట్టకపోవడమే అన్నిటికంటే క్షేమం.