లెదర్ జాకెట్ కుట్టించుకునే ముందు

మాలో కొందరి తాతలు లందల్లో తంగేడు చెక్కతో తోలు పదును చేసినవారే. అయినా పీజీకి ఢిల్లీ వెళ్ళిన మేము, ట్యూషన్ డబ్బులతో లెదర్ జాకెట్ కుట్టించుకుంటూ పైమెరుపు చూసి మోసపోయాం. తమ్ముళ్ళూ, మీరు మోసపోకండి.

గొర్రె తోలు మెత్తన, తేలిక; కానీ త్వరగా చిరుగుతుంది. మేక తోలు పలుచనైనా గట్టిది. బండి నడిపేవారికి 1 మి.మీ. దాటిన ఆవు, గేదె తోలు మేలు. పైపొర తోలు ఏళ్ళ తరబడి మన్నుతుంది. కిందిపొరకు రంగుపూత పూసినదైతే మడతల దగ్గర పెచ్చులు లేస్తుంది.

అడ్వాన్సు ఇచ్చే ముందే తోలు ముక్క అడగండి. వెనక గుడ్డ కనబడితే అది రెక్సిన్. లోపల స్వెట్టర్ వేసుకొని కొలతలివ్వండి. ఆ ముక్క దాచుకొని, జాకెట్ వచ్చాక పోల్చి చూసుకోండి. తాతల చేతులకు తెలిసిన విద్యను అడిగి తెలుసుకోవడానికి మనకు సిగ్గెందుకు?