లోకల్ రైలు, దాని తలమీది తీగ

1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుంచి హార్బర్ మార్గంలో కుర్లాకు ఒక రైలు పొగ వదలకుండా వెళ్లింది. మన దేశంలో విద్యుత్తుతో నడిచిన మొట్టమొదటి ప్రయాణికుల రైలు అదే. దానికి విడిగా ఇంజను లేదు. మోటార్లు పెట్టెల అడుగునే, ఇరుసుల దగ్గర ఉంటాయి. రెండు చివర్లా డ్రైవరు గది ఉంటుంది కనుక చివరి స్టేషన్లో ఇంజను మార్చే పని లేదు. నిమిషాల తేడాతో బండి వెంట బండి నడపాల్సిన నగరానికి ఇది ఎంత లాభమో ఆలోచించండి.

ఆనాటి తీగలో ప్రవహించింది 1500 వోల్టుల ఏకముఖ విద్యుత్తు, అంటే డీసీ. ఎందుకు డీసీ? బయలుదేరేటప్పుడు బరువును బలంగా లాగడంలో డీసీ సిరీస్ మోటారుకు సాటి లేదు. ఏసీని డీసీగా మార్చే పరికరాలు ఆ రోజుల్లో బండిలో పట్టేంత చిన్నవి కావు. అందువల్ల ఆ మార్పిడి పట్టాల పక్కన సబ్ స్టేషన్లలోనే జరిగేది.

1928లో చర్చిగేట్ వైపు మార్గానికీ విద్యుత్తు వచ్చింది. 1986లో 12 పెట్టెల రైళ్లు వచ్చాయి. పెట్టెలు పెరిగితే చిక్కు ఎక్కడ వస్తుంది? లెక్క వేద్దాం. ఒక రైలు 30 లక్షల వాట్లు తీసుకుంటోందనుకోండి. 1500 వోల్టుల దగ్గర ప్రవాహం 2000 ఆంపియర్లు. అదే 25,000 వోల్టుల దగ్గరైతే సుమారు 120 ఆంపియర్లే. తీగలో వేడిగా పోయే శక్తి ప్రవాహం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి అదే తీగలో నష్టం దాదాపు 278 రెట్లు తగ్గుతుంది! డీసీకి కొద్ది కిలోమీటర్లకొక సబ్ స్టేషన్ కావలసి రావడానికి కారణం ఇదే.

అయితే రోజూ లక్షల మంది ఎక్కే మార్గాన్ని మూసి తీగలు మార్చడం కుదరదు. అందుకని రెండు రకాల విద్యుత్తుతోనూ నడిచే రైళ్లను ప్రవేశపెట్టి, భాగాలు భాగాలుగా మార్చారు. పశ్చిమ రైల్వేలో ఈ పని 2012లో ముగిసింది. మధ్య రైల్వే ప్రధాన మార్గంలో 2015 దాకా పట్టింది. డీసీ మొదలైన హార్బర్ మార్గమే దాన్ని చివరగా, 2016 ఏప్రిల్‌లో, వదిలింది. 91 ఏళ్ల సేవ! మన హైదరాబాద్ ఎంఎంటీఎస్‌కు ఈ తిప్పలు లేవు. 2003 ఆగస్టు 9న అది నేరుగా 25,000 వోల్టుల ఏసీతోనే మొదలైంది.

ఇక తరగతిలో నన్ను తరచూ అడిగే ప్రశ్న. తీగమీద పిచ్చుక హాయిగా కూర్చుంటుంది కదా, రైలు పైకెక్కిన కుర్రవాడు ఎందుకు చనిపోతాడు? పిచ్చుక రెండు కాళ్లూ ఒకే తీగమీద ఉన్నాయి. వాటి మధ్య పొటెన్షియల్ భేదం దాదాపు సున్న. రైలు పైకప్పు మాత్రం చక్రాల ద్వారా పట్టాలకూ, పట్టాల ద్వారా భూమికీ కలిసి ఉంటుంది. దానిమీద నిలబడిన మనిషి కాళ్లు భూమితో కలిసినట్లే. తల తీగకు దగ్గరగా ఉంటుంది. 1500 వోల్టులు కూడా ప్రాణం తీస్తాయి. 25,000 వోల్టుల దగ్గర తీగను తాకనక్కరలేదు. చేయి బాగా దగ్గరకు వెళితే చాలు, మధ్యలో ఉన్న గాలే వాహకంగా మారి నిప్పురవ్వ దూకుతుంది. చేతిలో ఇనుప కడ్డీ, తడిసిన గొడుగు ఉంటే ఆ దూరాన్ని మనమే తగ్గించినట్లు. అందుకే ఈ తీగకు కనీసం 2 మీటర్ల దూరంలో ఉండాలని రైల్వేవారి నిబంధన. ఆగి ఉన్న గూడ్సు బండిపైకి ఫొటో కోసం ఎక్కినా లెక్క ఇదే. బండి ఆగినా పైన తీగలో విద్యుత్తు ఆగదు.