రైలు కదలక ముందే...

మనుషుల మధ్య వైరం పుట్టడానికి పెద్ద కారణమే ఉండనక్కరలేదు. విడిపోయినవారు మళ్లీ కలవాలంటే మాత్రం ఎవరో ఒకరు అహాన్ని పక్కనపెట్టి మొదటి అడుగు వేయాలి. 1987లో దూరదర్శన్‌లో ఇంటిల్లిపాదీ కలిసి చూసిన ‘మాల్గుడి డేస్‌’ ధారావాహికలో స్వామి కథ మనకు నేర్పేది ఇదే. ఆర్‌.కె.నారాయణ్‌ 1935లో వెలువరించిన ‘స్వామి అండ్‌ ఫ్రెండ్స్‌’ నవల దానికి ఆధారం. శంకర్‌నాగ్‌ దర్శకత్వంలో మాస్టర్‌ మంజునాథ్‌ స్వామిగా నటించాడు. కర్ణాటకలోని అగుంబె గ్రామం తెరమీద మాల్గుడి అయింది.

ఆ నవలలో, స్వామి చదివే ఆల్బర్ట్‌ మిషన్‌ స్కూలుకు పోలీసు అధికారి కొడుకు రాజం కొత్తగా వస్తాడు. తరగతిలో అందరినీ భయపెట్టే మణికి అతడంటే కంటగింపు. తేల్చుకుందామని ఇద్దరూ సరయూ నది ఒడ్డుకు చేరతారు. తీరా చూస్తే దెబ్బలాట జరగదు. ఎదురెదురుగా నిలబడి ఒకరి మీద ఒకరికున్న ఫిర్యాదులు అడిగి తెలుసుకుంటారు. కాసేపటికే కోపాలు కరిగిపోతాయి. రాజం జేబులోని బిస్కెట్లు బయటికొస్తాయి. స్వామితో కలిసి ముగ్గురూ మిత్రులవుతారు.

అంత తేలిగ్గా కుదిరిన స్నేహం ఒక క్రికెట్‌ మ్యాచ్‌తో తెగిపోతుంది. రాజం కెప్టెన్‌, స్వామి అతడు నమ్ముకున్న బౌలర్‌. హెడ్‌మాస్టరుకు భయపడి ఇల్లు విడిచి పారిపోయిన స్వామి అడవిదారిలో తప్పిపోయి ఆటకు రాలేకపోతాడు. జట్టు ఓడిపోతుంది. రాజం మాటలు మానేస్తాడు. ఇంతలో తండ్రికి బదిలీ అవుతుంది. ఊరు విడిచి వెళ్తున్న మిత్రుని కోసం స్వామి ఆండర్సన్‌ కథల పుస్తకాన్ని కానుకగా పట్టుకుని స్టేషనుకు వెళ్తాడు. రాజం ఏదో చెప్పబోతాడు. సరిగ్గా అప్పుడే గార్డు విజిల్‌ మోగుతుంది, ఇంజిన్‌ కూత పెడుతుంది, రైలు కదిలిపోతుంది. ఆ మాట రాజం పెదవుల మీదే ఉండిపోతుంది.

బైబిల్‌లో యాకోబు కూడా కానుకలతోనే బయల్దేరాడు. అన్న ఏశావును మోసగించి పారిపోయి, పరాయిచోట ఇరవై ఏళ్లు గడిపాక, భయపడుతూనే అన్నను కలవడానికి వెళ్లాడు. అయితే ఏశావు రాజంలా తన స్థానంలో కూర్చుండిపోలేదు. పరుగెత్తుకుంటూ ఎదురొచ్చి తమ్ముణ్ని కౌగిలించుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు (ఆదికాండం 33:4). తప్పు చేసినవాడు నడిచి వస్తే, నష్టపోయినవాడు పరుగెత్తాడు!

యేసుప్రభువు బోధ కూడా ఇద్దరికీ వర్తిస్తుంది. నీమీద నీ సహోదరునికి ఏదైనా కోపముంటే, అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు (మత్తయి 5:23,24). నీ సహోదరుడే నీపట్ల తప్పు చేస్తే, అప్పుడు కూడా నువ్వే వెళ్లి ఏకాంతంగా మాట్లాడమన్నాడు (మత్తయి 18:15). ‘వాడే రావాలి’ అనే మాటకు ప్రభువు ఎక్కడా చోటివ్వలేదు. ఇద్దరూ ఆయన మాట విని బయల్దేరితే దారి మధ్యలోనే కలుసుకుంటారు.

మరి మన సంఘాల్లో జరుగుతున్నదేమిటి? కమిటీ ఎన్నికల్లోనో, ఆస్తి పంపకాల్లోనో మొదలైన కోపంతో ఏళ్ల తరబడి పలకరింపులు లేనివారు ఒకే వరుసలో కూర్చుని ప్రభుబల్లలో పాలుపొందుతున్నారు. ఒకే రొట్టె తింటారు గానీ ఒకరి ముఖం ఒకరు చూడరు. చివరికి ఒకరు కన్నుమూస్తే, రెండోవారు సమాధి దగ్గర నిలబడి కన్నీళ్లు పెట్టుకుంటారు. చెప్పాల్సిన మాట అప్పుడు గుర్తొస్తుంది, వినాల్సిన మనిషి అక్కడ ఉండడు.

వయసు దానంతటదే పెరుగుతుంది. విశ్వాసి ఎదగడం మాత్రం క్షమించడంలో, క్షమించమని అడగడంలో తెలుస్తుంది. నది ఒడ్డున పసివాళ్లు కాసేపట్లో చేయగలిగిన పనికి పెద్దలమైన మనకు ఇన్నేళ్లెందుకు? మీరు పలకరించాల్సిన మనిషి ఎవరో మీకు తెలుసు. వచ్చే ఆదివారం ఆరాధనకు వెళ్లేముందే ఆ గడప తొక్కండి. రైలు ఇంకా కదలలేదు!