వెంకీమామ నోట్ల గా మాటలేంది?

2023 మార్చి నెల ఒకపారి యాది చేసుకోండ్రి. 3వ తారీఖు ‘బలగం’ థియేటర్లకొచ్చింది. సరిగ్గ వారానికి, 10వ తారీఖు, ‘రానా నాయుడు’ నెట్‌ఫ్లిక్స్‌ల వడ్డది. మొదటిదాన్ని మన ఊర్లల్ల రాత్రిపూట తెర కట్టి, ముసలోళ్లు, పిల్లలు, పనికిపోయి వచ్చినోళ్లు అందరు ఒక్కకాడ కూసోని చూసి ఏడ్సిండ్రు. రెండోదాన్ని అవే ఊర్ల పోరగాళ్లు దుప్పటి ముసుగేసుకొని, చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, ఫోన్ల చూసిండ్రు. చూసినంక లొల్లి షురువైంది. వెంకటేష్ గిట్ల చేసుడేంది, గా బూతులేంది, మన వెంకీమామను ఏం చేసిండ్రు అని.

గా లొల్లి గురించే ఈ ముచ్చట. అప్పుడు కొందరు దీన్ని సంస్కృతి చెడిపోతున్న కథ లెక్క చెప్పిండ్రు. ఇంకొందరు ‘ఫ్యాన్స్ పాతకాలపోళ్లు, కొత్తది పడదు’ అని తీసిపారేసిండ్రు. నాకైతే రెండు మాటలు సుత అసలు సంగతిని తాకలేదనిపిస్తది.

చూడనోళ్ల కోసం చిన్నగ చెప్త. అమెరికాల 2013ల ‘రే డోనోవన్’ అని ఒక టీవీ సీరియల్ మొదలైంది. పెద్దపెద్దోళ్లు చేసిన తప్పులను చప్పుడుగాకుంట సర్దిపెట్టే మనిషి, జైలుకెళ్లి వచ్చిన వాని తండ్రి, వాళ్లిద్దరి నడుమ పగ. దాన్నే మనకాడికి తెచ్చి ‘రానా నాయుడు’ జేసిండ్రు. రానా దగ్గుబాటి కొడుకు, వెంకటేష్ తండ్రి నాగా నాయుడు. నిజ జీవితంల వాళ్లు బాబాయి, అబ్బాయి. నాగా పదిహేనేండ్లు జైల్ల ఉండి బయటికొస్తడు. తాగుతడు, ఆడోళ్ల ఎంబడి తిరుగుతడు, నోరు తెరిస్తే బూతే. సీరియల్ హిందీల తీసిండ్రు, తెలుగు డబ్బింగు పెట్టిండ్రు. ఇంట్లోళ్లతోని కూసోని చూడకుండ్రని నటులే ముందుగాల చెప్పిండ్రు. చెప్పినా మనోళ్లు ఆగుతరా? వెంకటేష్ పేరు చూసినంక అవ్వ సుత పక్కకొచ్చి కూసుంటది.

మొదాలు ఒక సంగతి తేల్చుకుందాం. చీకటి కథలంటే మనోళ్లకు పడదా? అది అబద్ధం. 2021 జులైల ‘నారప్ప’ అమెజాన్ ప్రైమ్‌ల వచ్చింది. అదీ ఇంట్ల చూసిందే, అదీ వెంకటేషే. నరుకుడు, రక్తం, కులం పేరు మీద కొట్టుడు, కొడుకును చంపుడు, అన్నీ ఉన్నయ్. దానికి వెంకటేష్‌ను మెచ్చుకున్నరే గని ఎవ్వలు తిట్టలే. అంతకుముందు ‘దృశ్యం’ల శవాన్ని పాతిపెట్టిన తండ్రిని సుత మనమే కాపాడుకోవాలనుకున్నం. ఇగ ‘బలగం’ సంగతి చెప్పనే అక్కర్లేదు. సావు చుట్టూ తిరిగే సినిమా అది. తీసిందెవరు? టీవీల, సినిమాలల్ల నవ్వించిన కమెడియన్ వేణు. అంటే నవ్వించేటోడు సావు కథ చెప్తే మనం వద్దనలే, గుండెకత్తుకున్నం.

మరి కోపం దేని మీద?

నా లెక్క ఏందంటే, వెంకటేష్ మనకు నవ్వుతోని ఇంట్లకొచ్చిన మనిషి. 2001ల ‘నువ్వు నాకు నచ్చావ్’, 2004ల ‘మల్లీశ్వరి’, 2019ల ‘ఎఫ్ 2’. ఎవల్నీ కొట్టకుండ, పెండ్లాం ముంగట బిక్కమొహమేసి, తన మీద తనే నవ్వుకునే హీరో. వేరే హీరోలు సుమోలు లేపితే ఈయన సోఫాల కూసోని పరేషాన్ అయితుండె. అదే ఈయన సూపర్ పవర్. మా ఇంట్ల ‘నువ్వు నాకు నచ్చావ్’ టీవీల ఎన్నిసార్లొచ్చినా ఛానల్ మార్చనిచ్చేటోళ్లు కాదు. మా నాయిన సినిమాలు చూడడు, కానీ ఆ డైనింగ్ టేబుల్ సీన్ వచ్చినప్పుడు మాత్రం వాకిట్ల నుంచి లోపలికొస్తడు. నవ్వు అనేది ఒక పర్మిషన్ అన్నట్టు. తాత, మనుమరాలు, కొత్తగొచ్చిన అల్లుడు అందరు ఒక అర్రల కూసోని, ఎవలు ఎవల మొహం చూసినా సిగ్గు లేకుండ ఉండొచ్చు అనే భరోసా. నారప్పల ఆ భరోసా పోలే, ఎందుకంటే అండ్ల ఏడుపు సుత అందరం కలిసి ఏడ్వొచ్చు. నాగా నాయుడు వచ్చినంక అదే అర్రల రిమోట్ కోసం ఎతుక్కోవాల్సొచ్చింది.

ఇగ బూతు సంగతి. మన ఊర్లల్ల తిట్టు లేదా? పత్తి ఏరే కాడ, కల్లు మండువల, మానుకోట దిక్కు మిర్చి కల్లాలల్ల, భూపాలపల్లిల షిఫ్ట్ దిగినంక చాయ్ హోటల్‌ కాడ వింటే తెలుస్తది. మా నాయినమ్మ ప్రేమగ పిలిచే పిలుపులు సగం రాయరానివే. తిట్టు మనకు కొత్త కాదు. కానీ మన తిట్టుకు వరుస ఉంటది. బావ బామ్మర్దిని అనొచ్చు, మరదలు బావను అనొచ్చు, దోస్తు దోస్తును అనొచ్చు. తండ్రి బిడ్డ ముంగట అనడు. మామ కోడలి ముంగట అనడు. అదే మాట వరుస మారితే చెయ్యి లేస్తది. ఎవల్నో సినిమాల ఎవలో తిడితే వినొచ్చు. కానీ ఇరవై ఏండ్ల నుంచి ఇంటి మనిషి లెక్క ఉన్న మొహం, అత్తకోడండ్లు పక్కపక్కన కూసున్నప్పుడు గా మాట అనంగనే, వరుస తప్పినట్టయింది. నైతికత అనే పెద్ద మాట దీనికి అక్కర్లేదు. 

ఇంకో సంగతి సుత ఉన్నది, దీన్ని ఎక్కువమంది పట్టించుకోలే. అదే బూతు హిందీల వింటే మనకు దూరంగ తాకుతది. ఇంగ్లీషు సీరియళ్లల్ల అయితే లెక్కనే చెయ్యం. తెలుగు డబ్బింగుల వినంగనే మన అరుగు మీద కూసోని అన్నట్టుంటది. చిన్నప్పటి నుంచి ఏ మాటకు దెబ్బలు తిన్నమో ఆ మాటనే కదా అది.

మరి తీసినోళ్లకు ఇది ఎర్క లేదా? ఉండే ఉంటది. కానీ వాళ్లు లెక్కేసుకున్న ప్రేక్షకుడు వేరు. ముంబైల, ఢిల్లీల ఒక్కడే కూసోని రాత్రి చూసేటోనికి వెంకటేష్ అంటే పెద్దగ ఏ యాది లేదు. 1993ల ‘అనాడీ’ హిందీల చేసిండు, 1995ల మన ‘యమలీల’ను హిందీల ‘తక్దీర్‌వాలా’ పేరుతోని చేసిండు, అవి ఎంతమందికి గుర్తు? వాళ్లకు నాగా నాయుడు కొత్త మనిషి. పోగొట్టుకునేది ఏం లేదు కాబట్టి వాళ్లకు కోపం లేదు. నెట్‌ఫ్లిక్స్ తర్వాత లెక్కలు బయటపెట్టినప్పుడు, 2023 మొదటి ఆరు నెలలల్ల ఈ సీరియల్‌ను 4 కోట్ల 60 లక్షల గంటలకు పైగ చూసినట్టు తేలింది. ఆ కాలంల మన దేశం నుంచి వచ్చినవాటిల పైనున్నది ఇదే. అంటే తిట్టినోళ్లు సుత చూసిండ్రు. ఒకే బొమ్మ, రెండు రకాల జనం. ఒకలకు కొత్త హీరో దొరికిండు, ఇంకొకలకు పాత హీరో పోయిండు.

‘సెన్సార్ ఏం జేస్తున్నది?’ అని అడిగినోళ్లకు ఒక మాట. థియేటర్ సినిమాకు సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ కావాలె. ఓటీటీకి అది లేదు. 2021 ఫిబ్రవరిల కేంద్రం తెచ్చిన ఐటీ రూల్స్ ప్రకారం కంపెనీలే వయసును బట్టి గుర్తు పెట్టుకోవాలె: అందరికి, 7 ఏండ్లు దాటినోళ్లకు, 13, 16, పెద్దోళ్లకు మాత్రమే. ‘రానా నాయుడు’ మీద పెద్దోళ్లకు అనే గుర్తు ఉన్నది. కాయితం మీద లెక్క సరిపోయింది. కానీ మన ఇండ్లల్ల ఫోన్ ఒక్కటే, పాస్‌వర్డ్ ఒక్కటే, ఆరుగురు వాడేది. గుర్తు చూసేటోడెవడు?

ఇప్పుడు జర దూరం పోదాం, ఎందుకంటే ఈ పంచాయితి మన ఒక్కలదే కాదు. అమెరికాల బెన్ ఎడ్లండ్ అనే ఆయన 1980లల్లనే ‘ది టిక్’ అని ఒక సూపర్‌హీరోను పుట్టించిండు. టిక్ అంటే ఏందో ఎర్కనా? మన బర్రెలకు, మేకలకు పట్టే పిడుదు. ఒంటికి నీలం డ్రెస్సు, నెత్తి మీద రెండు కొమ్ముల లెక్క మీసాలు, మెదడు తక్కువ, ధైర్యం ఎక్కువ. సూపర్‌హీరోల మీద జోకు అన్నట్టు. 1994ల కార్టూన్ వచ్చింది, 2001ల మనుషులతోని తీసిన కామెడీ సీరియల్ వచ్చి తొమ్మిది ఎపిసోడ్లకే బందైంది. 2017ల అమెజాన్ మళ్ల తీసింది, ఈసారి చీకటి కలిపి. టిక్ పక్కనుండే ఆర్థర్ చిన్నప్పుడు తన కండ్ల ముంగటనే తండ్రి చచ్చిపోవుడు చూసిండు. అప్పటి నుంచి మనసు సరిగ లేదు, గోలీలు మింగుతడు, వాడు చెప్పేది ఎవ్వలు నమ్మరు.

పాత ఫ్యాన్స్‌ల కొందరు గొణిగిండ్రు. కానీ ఎక్కువమంది ఉండిపోయిండ్రు. ఎంతగనం అంటే, 2019ల రెండు సీజన్లకే అమెజాన్ ఆపేస్తే ‘దీన్ని బతికించుండ్రి’ అని వాళ్లే కొట్లాడిండ్రు. అయినా ఎవ్వలు ముందుకు రాలే, బందైంది. ఇక్కడ గమనించాల్సింది ఏందంటే, చీకటి అంతా ఆర్థర్ దిక్కు పెట్టిండ్రు. నీలం డ్రెస్సోడు మాత్రం ఎప్పటి లెక్కనే పిచ్చి ధైర్యంతోని ఏదేదో మాట్లాడుకుంట ఉన్నడు. లోకం చీకటైంది గని నవ్వించేటోని నవ్వు గుంజుకోలే. తీసినోళ్లల్ల పుట్టించిన ఎడ్లండ్ సుత ఉన్నడు, తన పిల్లగాడి ప్రాణం ఏడ ఉందో ఆయనకు తెలుసు.

మన దగ్గర ఇది కొత్త విద్య ఏం కాదు. జనగామ జిల్లా మాణిక్యాపురంల పుట్టిన చుక్క సత్తయ్య ఒగ్గుకథ చెప్తుంటే విన్నోళ్లు చెప్తరు. ఒక దిక్కు ఏడుపు నడుస్తుంటే ఇంకో దిక్కు పక్కనోడు ఒక చెతురు వేస్తడు, జనం కండ్లు తుడుసుకుంటనే నవ్వుతరు. నవ్వించే వేషం ఏడిపించే వేషాన్ని మింగది. పక్కపక్కన నడుస్తయి.

తర్వాత రెండు సంక్రాంతులు చూడుండ్రి, మస్తు ఇంట్రెస్టుగ ఉంటది. 2024 జనవరి 13న వెంకటేష్ 75వ సినిమా ‘సైంధవ్’ వచ్చింది. బిడ్డకు 17 కోట్ల సూది మందు కావాలె, తండ్రి తుపాకి పడ్తడు. బూతు లేదు, తండ్రి ప్రేమ ఉన్నది, అయినా ఆడలే. దానికి ఒక్కరోజు ముందు ‘హను-మాన్’ వచ్చింది. పల్లెటూర్ల చిల్లర దొంగతనాలు చేసే పోరడికి అనుకోకుండ శక్తులొస్తయి, కోతికి రవితేజ గొంతు, ఊరంత నవ్వు. మొదట్ల థియేటర్లే సరిగ దొరకలే, తర్వాత దేశమంత ఆడింది. మన తెలుగుల కామెడీ సూపర్‌హీరో అంటే గిట్లుంటడని చూపెట్టింది.

మళ్లా సంక్రాంతికి, 2025 జనవరి 14న, వెంకటేష్ ‘సంక్రాంతికి వస్తున్నాం’తోని నవ్వుకాడికి వాపసొచ్చిండు. 300 కోట్లు దాటిందని తీసినోళ్లే పోస్టర్ వేసిండ్రు. అండ్ల బుల్లిరాజు అనే చిన్న పోరడు ఉంటడు, వెంకటేష్ కొడుకు. ఓటీటీలు చూసి బూతులు నేర్చుకున్నోడు! థియేటర్ల వాడు నోరు తెరిస్తే అవ్వలు, అమ్మలు పొట్ట పట్టుకొని నవ్విండ్రు. చిన్న పిల్లగానితోని గా మాటలు అనిపిచ్చుడేందని కొందరు తప్పు వట్టిండ్రు, వాళ్ల మాటల న్యాయం లేదని నేను అనను. నిజం చెప్పాలంటే చిన్న పోరనితోని అనిపిచ్చుడు నాగా నాయుడు అనుడుకంటే నాకు ఎక్కువ ఇబ్బందే. కానీ జనం రెండేండ్ల కింద కస్సుమన్నదానికే ఇప్పుడు ఇకఇక నవ్విండ్రు. బూతు బూతే. మారింది ఏందంటే, ఈసారి తండ్రి వేషంల ఉన్న వెంకీమామ మళ్ల బిక్కమొహం ఏసుకొని మన దిక్కు నిలబడ్డడు.

రానా నాయుడు రెండో సీజన్ 2025 జూన్ 13న వచ్చింది. చూసినోళ్లకు తెలుసు, బూతులు తగ్గినయ్. అంటే మనోళ్ల లొల్లి వాళ్ల చెవులకు పడ్డట్టే. కానీ తగ్గిచ్చింది మాటలే, నాగా నాయుడికి నవ్వు మాత్రం ఇయ్యలే అని నాకు అనిపించింది. అందుకే ఈసారి కోపం లేదు, మురిపెం సుత లేదు. మా దోస్తులల్ల సగం మంది మొదటి సీజన్ మీద కొట్లాడినోళ్లు రెండోది వచ్చిందన్నదే పట్టించుకోలే.

ఇప్పుడు ‘జై హనుమాన్’ వస్తదంటున్నరు. ప్రశాంత్ వర్మదే, హనుమంతుని వేషం కన్నడ రిషబ్ శెట్టిది. బయటికొచ్చిన బొమ్మల రాముని విగ్రహం గుండెకు పట్టుకొని మోకాళ్ల మీద ఉన్నడు, మొహంల నవ్వు లేదు, మొదటి సినిమాకంటే బరువుగ కనిపిస్తుంది. భక్తికి బరువు ఉండాల్సిందే, నేను కాదనను. కానీ టికెట్ కొనేముందు నేను ఎతికేది ఒక్కటే: గా కోతి ఉన్నదా, లేదా.