కర్ర, కట్టుబడి, నాదం: వీణ నుంచి ఎలక్ట్రిక్ గిటారు వరకు ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తంత్రీవాద్యాల నాదానికి కర్రే మూలమన్న అభిప్రాయం సంగీత లోకంలో బలంగా ఉంది. వీణ విషయంలో ఇది చాలావరకు నిజం. అదే అభిప్రాయాన్ని ఎలక్ట్రిక్ గిటారుకు, ఎలక్ట్రిక్ మాండలిన్‌కు యథాతథంగా అన్వయించడం సరికాదు. ఈ రెండు రకాల వాద్యాలలో కర్ర నిర్వహించే పాత్రలు వేరు. నూజివీడు, బొబ్బిలి వీణలనూ, కృష్ణా–గోదావరి డెల్టాలో ఎదిగిన ఎలక్ట్రిక్ మాండలిన్‌నూ ఆధారం చేసుకొని కర్ర, నిర్మాణ నాణ్యత నాదాన్ని ఎలా ప్రభావితం చేస్తాయో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: వీణ, పనసకర్ర, ఎలక్ట్రిక్ గిటారు, ఎలక్ట్రిక్ మాండలిన్, నాదగుణం, నిలకడ, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం:
ఇబ్రహీంపట్నాన్ని ఆనుకొని ఉన్న కొండపల్లిలో బొమ్మలు చేసేవారు తెల్లపొణికి కర్రను ఎంచుకుంటారు. అది తేలికైనది, మెత్తనిది, ఉలికి సులువుగా లొంగేది. చెక్కే ముందు దానిలోని చెమ్మను పోగొడతారు. విడివిడిగా చేసిన భాగాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఇక్కడికి దగ్గరలోనే ఉన్న నూజివీడులో వీణలు చేసేవారు మాత్రం పనసకర్రను కోరుకుంటారు. బొమ్మకు పనికివచ్చిన మెత్తదనం వీణకు లోపమవుతుంది. బిగించిన తంత్రుల లాగుడును ఏళ్ల తరబడి తట్టుకోవలసిన దేహం అది. దీనినిబట్టి ‘మంచి కర్ర’ అన్నది కర్రకు స్వతహాగా ఉండే గుణం కాదని, చేయబోయే వస్తువునుబట్టి నిర్ణయమయ్యే సంబంధమని తెలుస్తుంది. ఎలక్ట్రిక్ గిటారు కర్ర గురించి సాగే వాదాలలో సాధారణంగా విస్మరణకు గురయ్యేది ఈ అంశమే.

2. పరిభాష:
చర్చకు ముందు రెండు మాటల అర్థాన్ని స్థిరపరచుకోవాలి. ఒకే స్వరాన్ని వీణపైనా వేణువుపైనా పలికించినప్పుడు ఏది ఏదో గుర్తించగలుగుతాం. అలా గుర్తుపట్టనిచ్చే లక్షణం నాదగుణం. మూలస్వరంతోపాటు ఏయే ఉపస్వరాలు ఎంత బలంగా పలుకుతున్నాయి, అవి కాలక్రమంలో ఎలా సన్నగిల్లుతున్నాయి అన్నవాటిపై ఇది ఆధారపడుతుంది. మీటిన తరువాత నాదం ఎంతసేపు వినిపిస్తుందో తెలిపే లక్షణాన్ని ఈ వ్యాసంలో ‘నిలకడ’ అని వ్యవహరిస్తున్నాను.

నిలకడను అర్థం చేసుకోవడానికి డెల్టా రైతుకు తెలిసిన చెరువు, తూముల పోలిక చాలు. మీటిన తంత్రిలో చేరే శక్తి చెరువులోని నీటి వంటిది. ఆ శక్తి మూడు దారుల్లో బయటికి పోతుంది. కొంత గాలి ఒరిపిడికి, కొంత తీగలోని అంతర్గత ఘర్షణకు ఖర్చవుతుంది. మిగిలినది తంత్రిని మోసే ఆధారాల గుండా, అంటే గుర్రం, మెట్టు, దండి ద్వారా కర్రలోకి పోతుంది. మొదటి రెండూ కర్రతో సంబంధం లేనివి. మూడవ దారే ఈ చర్చకు కేంద్రం.

3. వీణ – కర్రే గొంతు:
తంత్రి సన్ననిది. అది ఒంటరిగా గాలిని కదిలించగలిగింది చాలా తక్కువ. అందుకే వీణలో తంత్రి కంపనం గుర్రం మీదుగా కుండపై ఉన్న పలకకు చేరాలి. విశాలమైన పలక గాలిని కదిలించినప్పుడే వీణ వినిపిస్తుంది. అంటే ఇక్కడ మూడవ తూము తెరిచి ఉండడం తప్పనిసరి. అయితే ఎంత తెరవాలన్నదే సమస్య. పలక మరీ పలుచనైతే శక్తి త్వరగా తరలిపోతుంది. ధ్వని పెద్దదవుతుంది కాని నిలకడ తగ్గుతుంది. మరీ మందమైతే నాదం నిలుస్తుంది కాని పక్కవారికి కూడా సరిగా వినిపించదు. వీణ చేసే పనివాడి నేర్పు ఈ రెండింటి మధ్య సమతూకం సాధించడంలో ఉంది. కాబట్టి వీణలో కర్ర సాంద్రత, బిగువు, ఎండిన తీరు, పలక మందం నేరుగా నాదగుణాన్ని నిర్ణయిస్తాయి.

బొబ్బిలి వీణకు ఏకాండ నిర్మాణం ప్రసిద్ధి. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో కుండ, దండి, తల భాగాలను ఒకే పనసమానునుంచి తొలుస్తారు. అతుకు లేనందున కంపనం ఒక భాగంనుంచి మరో భాగానికి అడ్డు లేకుండా సాగుతుందన్నది దీనికి చెప్పే కారణం. అయితే అతుకు ఉన్నంతమాత్రాన నాదం చెడదు. వదులైన అతుకు శక్తిని ఘర్షణగా మింగుతుంది. గట్టిగా కూర్చిన అతుకు ఒకే కర్రలా ప్రవర్తిస్తుంది. తేడా అంతా కట్టుబడిలో ఉంది.

వీణ నాదగుణంలో కర్ర కానివాటి భాగం కూడా తక్కువది కాదు. తంజావూరు నాయకరాజు, తెలుగు కవి రఘునాథ నాయకుని (పాలన 1600–1634) పేరుతో సంప్రదాయం ముడిపెట్టే 24 మెట్ల వీణలో ఆ మెట్లు తేనెమైనం, బొగ్గుపొడి కలిపిన ముద్దపై నిలుస్తాయి. ఈ మేళం కట్టడంలో లోపం ఉంటే ఎంత మేలైన పనసకర్ర అయినా ఫలితం లేదు. గుర్రంపై ఉండే లోహపు రేకు వంపు మరీ ముఖ్యమైనది. విశాఖపట్నంలో విద్యాభ్యాసం చేసిన సి.వి. రామన్ 1921లో వీణ, తంబురాలపై చేసిన పరిశోధనలో ఒక విశేషాన్ని గుర్తించారు. తంత్రిని ఏ బిందువు వద్ద మీటితే, ఆ బిందువు వద్ద నిశ్చలంగా ఉండవలసిన ఉపస్వరాలు పలకకూడదని యంగ్ సూత్రం చెబుతుంది. వీణలో అవి కూడా బలంగా పలుకుతాయి. వంపు తిరిగిన గుర్రంపై తంత్రి ఆనుతూ లేస్తూ ఉండడమే దీనికి కారణం. అంటే వీణకు ప్రత్యేకతనిచ్చిన ఒక ప్రధాన లక్షణం కర్ర జాతిలో కాక, గుర్రం పనితనంలో ఉంది.

4. ఎలక్ట్రిక్ గిటారు – కర్ర ఒక పట్టు:
ఎలక్ట్రిక్ గిటారులో పరిస్థితి తలకిందులవుతుంది. తంత్రుల కింద ఉండే పికప్ అయస్కాంతం, తీగచుట్టలతో చేసిన పరికరం. ఉక్కు తంత్రి దాని ఎదుట కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెంచితే స్పీకర్ ధ్వనిగా మారుస్తుంది. శ్రోతకు చేరే శబ్దం స్పీకర్‌ది, కర్రది కాదు. కనుక కర్రలోకి శక్తి పోవలసిన అవసరమే లేదు. పొలానికి నీరు మరో కాలువ ద్వారా వస్తున్నప్పుడు తూము మూసి ఉంచడమే మేలు.

ఈ వాద్యం చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1930ల తొలినాళ్లలో రికెన్‌బ్యాకర్ సంస్థ ‘ఫ్రయింగ్ పాన్’ అనే ఎలక్ట్రిక్ గిటారును అల్యూమినియంతో పోతపోసింది. దానిలో కర్ర దేహమే లేదు. 1940 ప్రాంతంలో లెస్ పాల్ ఒక దూలపు ముక్కకు తంత్రులు, పికప్ బిగించి ‘ది లాగ్’ అనే వాద్యాన్ని తయారుచేశాడు. అది గిటారులా కనిపించడానికి ఒక మామూలు గిటారును కోసి రెండు పక్కలా తగిలించాడు. ఆ పక్కలు కంటికోసమే గాని నాదంకోసం కాదు. ఫెండర్ సంస్థ 1950లో, గిబ్సన్ సంస్థ 1952లో ఘనదేహ గిటార్లను మార్కెట్‌లోకి తెచ్చాయి. ఫెండర్ యాష్ కర్రను, గిబ్సన్ మేపుల్ పైపొర ఉన్న మహాగనీని వాడాయి. రెండు సంస్థల గిటార్ల నాదగుణాల మధ్య ఉన్న తేడాను తరువాతి తరం ఆ కర్రల పేర్లతోనే వివరించింది. కాని ఆ వాద్యాలలో పికప్‌లు, వాటి స్థానాలు, తంత్రుల పొడవు, దండిని అతికిన పద్ధతి కూడా వేరువేరు. ఇన్ని తేడాల నడుమ ఒక్క కర్రను మాత్రమే కారణంగా నిర్ధారించడం పరిశోధనా పద్ధతికి విరుద్ధం.

అయితే కర్ర ప్రభావం పూర్తిగా శూన్యమని కూడా అనలేం. ఘనదేహ గిటార్లలో కొన్ని మెట్ల వద్ద మాత్రమే నాదం త్వరగా చచ్చిపోవడం వాదకులకు అనుభవం. ఆ స్వరపు పౌనఃపున్యం వద్ద దండి సులువుగా కంపించడం వల్ల తంత్రి శక్తి అటు తరలిపోతుంది. 2014లో ఆర్థర్ పాతే, జాన్-లోయిక్ ల కారూ, బెన్వా ఫాబ్ర్ అనే ఫ్రెంచి పరిశోధకులు దండి ఎంత సులువుగా కదులుతుందో కొలిచి, దానినుంచి నాదం క్షీణించే కాలాన్ని అంచనా వేయవచ్చని చూపారు. ఇక్కడ గమనించవలసింది దేహం కంటే దండి ప్రధానమని, కర్ర పేరు కంటే దాని బిగువు, బరువు, ఆకారం ప్రధానమని.

మంచి గిటారు చేతిలో కంపిస్తుందని, ఆ కంపనమే నిలకడకు గుర్తని చాలామంది వాదకులు నమ్ముతారు. కాని చేతికి తెలిసే కంపనం అప్పటికే తంత్రిని విడిచిన శక్తి. అది వాదకునికి ఆనందం కలిగించవచ్చు, వాయించే తీరును మార్చవచ్చు కూడా. తంత్రి లెక్కలో మాత్రం అది ఖర్చే.

5. నిర్మాణ నాణ్యత:
పై పరిశీలననుబట్టి ఎలక్ట్రిక్ గిటారు నాదగుణంలో తంత్రుల మందం, పాతదనం, మీటే చోటు, పికప్ రకం, దాని స్థానం, ఆంప్లిఫయర్, స్పీకర్ అనేవి ముందు వరుసలో నిలుస్తాయని చెప్పవచ్చు. నిలకడ విషయంలో కట్టుబడి ప్రధానం. మెట్టు కర్రలో గట్టిగా కూర్చోకపోయినా, ఒక మెట్టు ఎత్తు పెరిగి తంత్రికి తగిలినా, గుర్రం వదులుగా ఉన్నా, తంత్రి ఆనే గాడి సరిగా లేకపోయినా శక్తి అక్కడే పోతుంది. పికప్ తంత్రికి మరీ దగ్గరైతే దాని అయస్కాంతమే తంత్రిని లాగి కంపనాన్ని చెడగొడుతుంది. చవక గిటారు నాదం పేలవంగా ఉన్నప్పుడు నింద కర్రమీద పడుతుంది. తరచి చూస్తే లోపం సాధారణంగా ఇలాంటిచోట దొరుకుతుంది. వీటిలో అధికభాగం సరిచేయగలిగినవే.

కర్ర ఎంపిక నిజంగా అక్కరకు వచ్చేది స్థిరత్వంలో. సరిగా ఆరని కర్ర డెల్టా ఉక్కపోతలో ఉబ్బి, ఎండలో కుదించుకుపోతుంది. దండి వంగితే తంత్రుల ఎత్తు మారి శ్రుతి తప్పుతుంది. కర్రను ఓపికగా ఆరబెట్టడం, ఈనె దిశ చూసి కోయడం బొమ్మకూ వీణకూ గిటారుకూ సమానమైన ధర్మాలు.

6. పాలకొల్లు మాండలిన్ – ఒక నిదర్శనం:
తెలుగునేలపై ఈ విషయానికి ప్రబల నిదర్శనం ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) మాండలిన్. పాలకొల్లులో పుట్టిన ఆయన తొలి కచేరీ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో జరిగింది. మామూలు మాండలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తంత్రులుంటాయి. దాని నాదం మీటగానే మెరిసి వెంటనే ఆరిపోతుంది. అందుకే పాశ్చాత్య వాదకులు ఒకే స్వరాన్ని వేగంగా పదేపదే మీటి కొనసాగింపును భ్రమింపజేస్తారు. కర్ణాటక సంగీతానికి ఇది చాలదు. ఒక్క మీటుపై గమకం సాగాలి. తంత్రిని పక్కకు లాగినప్పుడు స్వరం నిలిచి ఉండాలి. శ్రీనివాస్ జతలను తొలగించి అయిదు విడి తంత్రులున్న ఎలక్ట్రిక్ మాండలిన్‌ను స్వీకరించారు. విడి తంత్రి లాగడానికి లొంగింది. ఘనదేహం, పికప్ కలిసి గమకానికి కావలసిన నిలకడనిచ్చాయి. ఒక సంగీత సంప్రదాయపు అవసరం వాద్యనిర్మాణాన్ని ఎలా మార్చిందో దీనినుంచి గ్రహించవచ్చు. ఆ మార్పులో పనిచేసింది అరుదైన కర్ర కాదు, నిర్మాణంలోని ఆలోచన.

వీణకు తగిలించే కాంటాక్ట్ మైకుకూ ఈ పికప్‌కూ భేదం కూడా ఇక్కడే స్పష్టమవుతుంది. కాంటాక్ట్ మైకు కర్ర కంపనాన్ని వింటుంది. అయస్కాంత పికప్ తంత్రిని వింటుంది. మైకు తగిలించినా వీణలో పనసకర్ర పాత్ర తొలగిపోదు.

7. ముగింపు:
వీణలో కర్ర గొంతు. ఎలక్ట్రిక్ గిటారులో కర్ర పట్టు. మొదటిది శక్తిని తగుపాళ్లలో గాలికి అందించాలి; రెండవది శక్తిని తంత్రిలోనే నిలిపి ఉంచాలి. ఈ భేదం తెలియకపోతే రెండు నష్టాలున్నాయి. గిటారు కొనే విద్యార్థి కర్ర పేరుకు వెలకడతాడు. ఆ పేర్ల మోజు అడవులపై ఒత్తిడి పెంచుతుంది. రోజ్‌వుడ్ జాతుల అంతర్జాతీయ వాణిజ్యంపై 2017లో నియంత్రణలు విస్తరించాయి. తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు లభించినా ఆ చెట్ల కొరత తీరలేదు. మరోవైపు, కర్ర నిజంగా అవసరమైన వీణ పనివారికి మేలైన పనసమాను దక్కడం వేరే సమస్య. కర్రకు ఎక్కడ ప్రాణముందో తెలిసినప్పుడే దాన్ని ఎవరికోసం కాపాడాలో తెలుస్తుంది.

తెలుగు పరిశోధకులకు ఇందులో చేయవలసిన పని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో 1962లో వెలువరించారు. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. కుండ, దండి, పలక, గుర్రం, మెట్టు, బిరడ, మేళం వంటి మాటలు నూజివీడు, గొల్లపల్లి పనివారి నోట ఇంకా జీవించే ఉన్నాయి. ఏ కర్ర ఎప్పుడు కోయాలి, తట్టినప్పుడు ఏ పలుకు వినిపిస్తే పలక మందం చాలినట్టు అన్న జ్ఞానం ఆ మాటలలోనే నిక్షిప్తమై ఉంది. ఆ పదాలను సేకరించి, నేటి ధ్వనిశాస్త్ర పరీక్షలతో జోడించి పరిశీలిస్తే, పనివాని అనుభవంలో ఏది శాస్త్రమో ఏది నమ్మకమో తేటపడుతుంది. ఆ పని పనివారు ఉండగానే జరగాలి.